దుబాయి ఎంత దూరం? ఎన్ని గంటలు?



పోయిన వారం మన చదువు కేంద్రానికి ఒక అక్క ఒక కాగితం తెచ్చింది. మడత విప్పి నా ముందు పెట్టింది. అది విమానం టికెట్టు. ఆమె కొడుకు దుబాయిలో పని చేస్తున్నాడు. రెండేళ్ళ తర్వాత ఇంటికి వస్తున్నాడు. నెల రోజులు ఉండి మళ్ళీ పోతాడు. వచ్చే టికెట్టు, పోయే టికెట్టు రెండూ ఫోనులో పంపినాడు. అక్క వాటిని మోత్కూర్‌లో జిరాక్సు దుకాణంలో కాగితం మీద తీయించుకొని వచ్చింది.

"పంతులమ్మా, ఒక్క మాట చెప్పు" అన్నది. "వచ్చేటప్పుడు అక్కడ 21.50కి ఎక్కుతడు. ఇక్కడ 2.50కి దిగుతడు. వేళ్ళ మీద లెక్కపెట్టిన. అయిదు గంటలు. పోయేటప్పుడు ఇక్కడ 10 గంటలకు ఎక్కుతడు. అక్కడ 12.30కి దిగుతడు. అంటే రెండున్నర గంటలే. తొవ్వ ఒక్కటే గదా! వచ్చేటప్పుడు విమానం మెల్లగ వస్తదా?"

కొందరు నవ్వినారు. నాకు నవ్వు రాలేదు. ఆ అక్క టికెట్టు చదివింది. లెక్క చేసింది. లెక్కలో తేడా ఉందని పట్టుకున్నది. తేడా ఎందుకు వచ్చిందో మాత్రం ఆమెకు తెలియదు. ఆ రోజు చెప్పిన పాఠాన్నే ఇక్కడ రాస్తున్నాను. పలక, బలపం దగ్గర పెట్టుకోండి. మధ్యలో లెక్కలు వస్తాయి.

ముందు దూరం సంగతి చూద్దాం.

మోత్కూర్ నుంచి భువనగిరి మీదుగా హైదరాబాదుకు దాదాపు 90 కిలోమీటర్లు. ఆగుకుంటూ పోయే బస్సుకు రెండున్నర, మూడు గంటలు పడుతుంది. విమానాలు దిగే చోటు శంషాబాదు. అది నగరానికి అవతలి పక్క ఉంది. 2008 మార్చికి ముందు ప్రయాణికుల విమానాలు బేగంపేటలో దిగేవి. ఆ నెల నుంచి శంషాబాదులో దిగుతున్నాయి. మోత్కూర్ బస్సు దిగినాక శంషాబాదు చేరడానికి ఇంకో గంటన్నర అయినా పెట్టుకోవాలి. నగరం నుంచి అక్కడికి పుష్పక్ అనే ఆర్టీసీ బస్సులు పోతాయి.

శంషాబాదు నుంచి దుబాయికి ఆకాశంలో దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. ఈ అంకెను పలక మీద రాయండి. రెండు వేల అయిదు వందల యాభై.

గోడ మీద పటం ఉంటే దాని దగ్గరికి పోండి. హైదరాబాదు మీద ఒక వేలు పెట్టండి. ఎడమ చేతి పక్కకు, కొంచెం పైకి జరపండి. మహారాష్ట్ర వస్తుంది. తర్వాత ముంబయి పక్కగా భూమి అయిపోతుంది. అక్కడి నుంచి అంతా నీళ్ళే. దానిని అరేబియా సముద్రం అంటారు. సముద్రం దాటితే ఒమాన్ దేశం. దాని పక్కనే దుబాయి. మన విమానం ఇంచుమించు ఇదే తొవ్వలో పోతుంది. ఆకాశంలో గుట్టలు, వాగులు అడ్డం రావు. అందుకే మలుపులు తక్కువ. నేల మీద తొవ్వ అట్ల కాదు. హైదరాబాదు నుంచి ముంబయికి రోడ్డు మీద 700 కిలోమీటర్ల పైనే. ఆకాశంలో అయితే 620 దాకా.

ముంబయి తొవ్వ మన నల్గొండ, పాలమూరు వాళ్ళకు కొత్త కాదు. మన దిక్కు మగ్గం పని వాళ్ళు భివండికి, షోలాపూరుకు పోవడం పాత ముచ్చటే. పాలమూరు నుంచి కూలి పనికి ముంబయి పోయే బస్సు సాయంత్రం కదిలితే చేరేసరికి తెల్లారుతుంది. గల్ఫు దేశాలకు పోవడం మాత్రం 1970ల తర్వాత పెరిగింది. 1973లో నూనె ధర బాగా పెరిగింది. నూనె అంటే వంట నూనె కాదు, పెట్రోలు తీసే ముడి నూనె. ఆ దేశాలకు డబ్బు వచ్చింది. రోడ్లు, ఇండ్లు, రేవులు కట్టడం మొదలుపెట్టినారు. కట్టడానికి మనుషులు కావలసి వచ్చింది. మన రాష్ట్రంలో కరీంనగర్, నిజామాబాద్ దిక్కు నుంచి ఎక్కువ మంది పోయినారు. మన దిక్కు నుంచి తక్కువే. అయినా ఊరికి నలుగురైదుగురు దొరుకుతారు.

అప్పట్లో అందరూ విమానమే ఎక్కలేదు. 1982 దాకా ముంబయి నుంచి గల్ఫు రేవులకు ద్వారక అనే ఓడ నడిచింది. ఓడలో ప్రయాణం గంటల్లో అయ్యేది కాదు. రోజులు పట్టేది.

ఇప్పుడు వేగం లెక్క చేద్దాం.

మన బస్సు ఆగుకుంటూ పోయి గంటకు సుమారు 40 కిలోమీటర్లు పోతుందనుకోండి. అదే బస్సుకు ఆకాశంలో తొవ్వ దొరికితే దుబాయికి ఎన్ని గంటలు? 2,550ని 40తో భాగించండి. దాదాపు 64 గంటలు వస్తుంది. అంటే ఎక్కడా ఆగకుండా, డ్రైవరు నిద్ర పోకుండా, రెండు రోజులు దాటి ఇంకా పదహారు గంటలు.

విమానం గంటకు సుమారు 850 కిలోమీటర్లు పోతుంది. నేలకు పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున పోతుంది. అంటే ఎవరెస్టు శిఖరం కంటే పైన. 2,550ని 850తో భాగించండి. సరిగ్గా 3 వస్తుంది. మూడు గంటలు.

కానీ టికెట్టు మీద దుబాయికి పోయేటప్పుడు సుమారు నాలుగు గంటలు పెడతారు. ఆ మిగిలిన గంట ఏమైంది? బస్సు డిపోలోంచి బయటికి రావడానికే ఎంత సేపు పడుతుందో మీకు తెలుసు. విమానమూ అంతే. గేటు దగ్గర నుంచి మెల్లగా దొర్లుతూ పెద్ద తొవ్వ మీదికి పోవాలి. తన వంతు కోసం ఆగాలి. పైకి ఎక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు పూర్తి వేగం ఉండదు. ఇంకొకటి గాలి. అంత ఎత్తున ఎక్కువ నెలలు, ముఖ్యంగా చలికాలం, గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. దుబాయి మనకు పడమట. పోయేటప్పుడు విమానానికి ఎదురుగాలి. ఎదురుగాలికి సైకిలు తొక్కితే ఎట్ల ఉంటుందో అట్ల. వచ్చేటప్పుడు అదే గాలి వెనుక నుంచి తోస్తుంది. అందుకే వచ్చేటప్పుడు సుమారు మూడున్నర గంటలకే వస్తుంది.

ఇప్పుడు అక్క అడిగిన ప్రశ్న ఇంకా గట్టిగా నిలబడింది చూడండి. వచ్చేటప్పుడు విమానం తొందరగా వస్తుంది. టికెట్టు మీద మాత్రం వచ్చేటప్పుడే ఎక్కువ గంటలు కనబడుతున్నాయి!

దీనికి జవాబు విమానంలో లేదు. గడియారంలో ఉంది.

ఆ రోజు కేంద్రంలో ఒక గుమ్మడికాయ తెప్పించినాను. బల్బు వెలుగుతున్నది. గుమ్మడికాయ మన భూమి. బల్బు సూర్యుడు. కాయ మీద సున్నంతో మూడు బొట్లు పెట్టినాము. మధ్యలో మోత్కూర్. కుడి పక్క దగ్గరగా కాకినాడ. ఎడమ పక్క దూరంగా దుబాయి. కాయను బల్బు ముందర ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పినాము. ముందు కాకినాడ బొట్టు వెలుగులోకి వచ్చింది. వెంటనే మోత్కూర్ వచ్చింది. దుబాయి ఇంకా చీకట్లోనే ఉంది. ఇంకా తిప్పినాక అదీ వెలుగులోకి వచ్చింది.

మీరు ఇంట్లో చేసి చూడండి. గుమ్మడికాయ లేకుంటే బత్తాయి పండయినా సరే. మన జిల్లాలో బత్తాయికి కరువు లేదు.

భూమి ఇట్లనే తిరుగుతున్నది. ఒక్క చుట్టుకు 24 గంటలు. లెక్క కోసం పెద్దలు భూమి మీద పై నుంచి కిందికి 360 గీతలు అనుకున్నారు. నిజంగా గీసినవి కావు, పటం మీద గీసినవి. బత్తాయి తొనల మధ్య గీతలు ఎట్ల ఉంటాయో అట్ల. 24 గంటలకు ఎన్ని నిమిషాలు? 24ని 60తో గుణించండి. 1,440. దీనిని 360తో భాగించండి. 4 వస్తుంది. అంటే ఒక గీత నుంచి పక్క గీతకు పొద్దు పొడుపు 4 నిమిషాలు తేడా.

కాకినాడకు, మోత్కూర్‌కు నడుమ మూడు గీతలు. మూడు నాలుగుల పన్నెండు. కాకినాడలో మనకంటే దాదాపు 12 నిమిషాల ముందు పొద్దు పొడుస్తుంది. మరి కాకినాడ గడియారం, మన గడియారం ఒక్కటే టైము ఎట్ల చూపుతున్నాయి?

ప్రతి ఊరికి ఒక టైము పెట్టుకుంటే రైళ్ళు నడపడం కుదరదు. అందుకని దేశానికంతా ఒక్క గీతను పట్టుకొని టైము పెట్టినారు. మన దేశం గీత 82న్నర. అది ఉత్తరాన మీర్జాపూర్ దగ్గర నుంచి పోతుంది. మన తెలుగువాళ్ళలో కాకినాడ దగ్గర నుంచి పోతుంది. ఈ టైము 1906లో మొదలైంది. అంతకుముందు మద్రాసుకు ఒక టైము, బొంబాయికి ఒక టైము, కలకత్తాకు ఒక టైము ఉండేవి. బొంబాయి, కలకత్తా వాళ్ళు తర్వాత కూడా చాలా ఏండ్లు తమ పాత టైమునే వాడుకున్నారు. ఊరికి వచ్చిన కొత్త కోడలు పుట్టింటి లెక్కే చెప్పినట్టు!

దుబాయి గడియారం 60వ గీతను పట్టుకొని నడుస్తుంది. 82న్నర నుంచి 60 తీసేయండి. 22న్నర మిగులుతుంది. ఒక్కొక్క గీతకు 4 నిమిషాలు. 22న్నరను 4తో గుణించండి. 90 నిమిషాలు. అంటే గంటన్నర.

మనకు 10 గంటలు అయితే దుబాయిలో ఎనిమిదిన్నర. వాళ్ళు మనకు గంటన్నర వెనుక.

ఇప్పుడు టికెట్టు మళ్ళీ చూడండి. ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. టికెట్టు మీద ఎక్కే ఊరికి ఆ ఊరి టైము రాస్తారు. దిగే ఊరికి దిగే ఊరి టైము రాస్తారు. ఏ కంపెనీ విమానమైనా ఇదే పద్ధతి.

అక్క కొడుకు హైదరాబాదులో 10 గంటలకు ఎక్కుతాడు. దుబాయిలో దిగేసరికి దుబాయి గడియారంలో 12.30. అప్పుడు మన గడియారంలో ఎంత? 12.30కి గంటన్నర కలపండి. 2 గంటలు. 10 నుంచి 2కు నాలుగు గంటలు. ప్రయాణం నాలుగు గంటలు అన్నమాట.

వచ్చేటప్పుడు దుబాయిలో 21.50కి ఎక్కుతాడు. ఇది రైల్వే టైము. 12 కంటే పెద్ద అంకె ఉంటే అందులోంచి 12 తీసేయండి. 21.50 అంటే రాత్రి 9.50. అప్పుడు మన గడియారంలో ఎంత? గంటన్నర కలపండి. రాత్రి 11.20. ఇక్కడ దిగేది 2.50కి. 11.20 నుంచి 2.50కి మూడున్నర గంటలు. విమానం మెల్లగా రావడం లేదు. గాలి తోస్తుంటే తొందరగానే వస్తున్నది.

ఈ లెక్క అయినంక అక్క తన కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకొని చాలాసేపు చూసింది. "అయితే వాడు రాత్రి పది గంటలకు తీరికగ ఫోను చేస్తే నాకు పదకొండున్నర అయితది. నేను నిద్రలో ఏమేమో మాట్లాడుత. వాడేమో అమ్మ సరిగ మాట్లాడలేదంటడు" అన్నది. ఇప్పుడు కొడుకును అక్కడి టైము ఎనిమిదిన్నరకు చేయమన్నదట. ఇక్కడ పది అవుతుంది.

ఇంకొక సంగతి చెప్పాలి. ఇది మా ఇంట్లో జరిగింది.

మా నాయిన 2006లో దుబాయి పోయినాడు. అప్పుడు మా తమ్ముడు అమ్మ కడుపులో ఉన్నాడు. నాయిన 2009 ఎండాకాలంలో మొదటిసారి ఇంటికి వచ్చినాడు. నేను మూడో తరగతి. మా ఇంట్లో ఫోను లేదు. పక్కింటి వాళ్ళ సెల్లుకు చేసి అమ్మతో మాట్లాడినాడు. "పద్నాలుగు తారీకు, రాత్రి మూడు గంటలకు దిగుత" అని చెప్పినాడు. అమ్మకు అప్పుడు చదువు రాదు. పద్నాలుగు, రాత్రి, మూడు. ఈ మూడు మాటలు మనసులో పెట్టుకున్నది. ఎన్నిసార్లు అడిగినా అవే చెప్పేది.

మేము పద్నాలుగు తారీకు పగలంతా పని చేసినాము. ఇల్లు అలికినాము. అమ్మ కోడిని కోయించి కూర వండి డబ్బాలో పెట్టింది. జొన్నరొట్టెలు బట్టలో చుట్టింది. ఊళ్ళో ఒక జీపు మాట్లాడుకున్నాము. అప్పు తెచ్చిన పైసలే. అమ్మ, నాయినమ్మ, నేను, తమ్ముడు, ఇద్దరు చిన్నాయినలు. సాయంత్రం ఆరు గంటలకు కదిలినాము. అర్ధరాత్రి కాకముందే శంషాబాదు చేరినాము. మూడు అయింది. నాలుగు అయింది. పెట్టెలు తోసుకుంటూ ఎంతో మంది వచ్చినారు. నాయిన రాలేదు. తెల్లారింది. నాయినమ్మ ఏడుపు మొదలుపెట్టింది. అక్కడ కాపలా ఉన్న ఒకాయన చిన్నాయిన దగ్గర విమానం నంబరు రాసుకున్న చిట్టీ చూసినాడు. "పద్నాలుగు తారీకు మూడు గంటల విమానం నిన్ననే వచ్చిందమ్మా. ఈ రోజు పదిహేను" అన్నాడు.

నాయిన పద్నాలుగు తెల్లవారుజామున మూడింటికే దిగినాడు. మా కోసం మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాడు. పక్కింటి నంబరుకు చేసినాడు. ఊళ్ళో కరెంటు లేక ఆ సెల్లు బందు పడి ఉంది. ఇక ఆగలేక, పెట్టె నెత్తిన పెట్టుకొని, బస్సులు మారి ఇంటికి వచ్చినాడు. రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరితే తలుపుకు తాళం. మేము ఆరింటికి కదిలినాము గదా. ఎక్కడో భువనగిరి గుట్ట కింద మా జీపు, ఆయన ఎక్కిన బస్సు ఎదురెదురుగా పోయి ఉంటాయి.

మేము మరునాడు పదకొండు గంటలకు ఇంటికి వచ్చినాము. నాయిన అరుగు మీద పెట్టెకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. తమ్ముడు ఆయనను చూసి భయపడి అమ్మ కొంగు వెనుక దాక్కున్నాడు. డబ్బాలో కూర పాసిపోయింది. ఆ కూరను పారబోస్తూ అమ్మ ఏడ్చింది. నాకు ఆ ఏడుపు ఎక్కువ గుర్తుంది.

తప్పు ఎవరిది? నాయిన చెప్పింది నిజమే. అమ్మ గుర్తు పెట్టుకున్నది నిజమే. తేడా ఎక్కడ వచ్చిందంటే, మనకు రోజు పొద్దు పొడిచినంక మొదలవుతుంది. మళ్ళీ పొద్దు పొడిచేదాకా అదే రోజు. "ఆదివారం రాత్రి" అంటే ఆదివారం పొద్దుగూకినంక వచ్చే రాత్రి, తెల్లారేదాకా. మన పెద్దల లెక్క అది. టికెట్టు లెక్క వేరే. దానికి రాత్రి 12 దాటంగనే తారీకు మారుతుంది. 13వ తారీకు రాత్రి మనం నిద్రలో ఉండగానే 14 వచ్చేస్తుంది. "14 తారీకు మూడు గంటలు" అంటే 13 తారీకు పడుకున్న రాత్రి, కోడి కూయక ముందు. నాయిన టికెట్టు లెక్క చెప్పినాడు. అమ్మ ఇంటి లెక్కలో విన్నది.

కాబట్టి ఇట్ల చేయండి. టికెట్టు మీద టైము 00.00కు, 05.00కు మధ్యలో ఉందా చూడండి. ఉంటే తారీకులోంచి ఒకటి తీసేయండి. ఆ తారీకు సాయంత్రమే మీరు ఇంటి నుంచి కదలాలి. టికెట్టు మీద 14 ఉంటే 13 సాయంత్రం. నెల మొదటి తారీకు ఉంటే పోయిన నెల ఆఖరు తారీకు సాయంత్రం. 00.20 అని ఉంటే కంగారు పడకండి. అర్ధరాత్రి దాటి ఇరవై నిమిషాలు అని అర్థం.

దిగే టైము పక్కన కొన్నిసార్లు చిన్నగా +1 అని ఉంటుంది. ఎక్కిన తారీకుకు మరునాడు దిగుతారని దాని గుర్తు. అంత చిన్న గుర్తును కావాలని దాచిపెట్టినట్టే అచ్చు వేస్తారు. అద్దాలు పెట్టుకొని అయినా వెతకండి.

పోయేవాళ్ళకు ఈ లెక్క ఇంకా ముఖ్యం. ఎదురు పోయేవాళ్ళు తప్పితే ఒక రోజు బాధ. ఎక్కేవాళ్ళు తప్పితే టికెట్టు పైసలు పోతాయి. విదేశీ విమానానికి మూడు గంటల ముందే రమ్మంటారు. పెట్టె తీసుకొనే కిటికీని విమానం కదలడానికి సుమారు గంట ముందే మూసేస్తారు. బస్సు లాగా చేయెత్తితే ఆగదు. 14వ తారీకు 01.30కి విమానం ఉంటే 13వ తారీకు రాత్రి 10.30కే అక్కడ ఉండాలి. అంటే మోత్కూర్ నుంచి ఎప్పుడు కదలాలి? హైదరాబాదుకు మూడు గంటలు, అక్కడి నుంచి గంటన్నర. కలిపి నాలుగున్నర. 10.30 నుంచి నాలుగున్నర తీసేస్తే సాయంత్రం 6. తొవ్వలో టైరు పంచరు కావచ్చు, ఉప్పల్ దగ్గర బండ్లు ఆగిపోవచ్చు. నేనైతే ఒక గంట ముందే, 5కే కదులుతాను.

మొత్తం ప్రయాణం ఎన్ని గంటలో కలపండి. ఇంటి నుంచి శంషాబాదుకు నాలుగున్నర. అక్కడ మూడు గంటలు ఆగాలి. గాలిలో నాలుగు. దుబాయిలో దిగి పాస్‌పోర్టు చూపి, పెట్టె తీసుకొని బయట పడేసరికి ఇంకో గంట, గంటన్నర. పదమూడు గంటలు అయింది. అందులో విమానం ఎగిరేది నాలుగు గంటలే. మిగతా తొమ్మిది గంటలు నేల మీదనే.

మీ వాళ్ళు దుబాయి కాకుండా వేరే దేశంలో ఉంటే ఇవి రాసి పెట్టుకోండి. ఒమాన్ కూడా మనకు గంటన్నర వెనుక. సౌదీ, కువైట్, ఖతార్, బహ్రెయిన్ దేశాలు రెండున్నర గంటలు వెనుక. సింగపూర్ తూర్పున ఉంది. అక్కడ మనకంటే ముందే పొద్దు పొడుస్తుంది. అది రెండున్నర గంటలు ముందు. అమెరికా అయితే గుమ్మడికాయకు అవతలి పక్క. మనకు పొద్దున 9 అయితే చికాగో నగరంలో చలికాలంలో ముందు రోజు రాత్రి 9.30. ఎండాకాలంలో వాళ్ళు గడియారం ఒక గంట ముందుకు తిప్పుకుంటారు. అప్పుడు రాత్రి 10.30. అందుకే అక్కడ చదివే పిల్లలకు ఇక్కడి నుంచి పొద్దున్నే ఫోను చేస్తే నిన్నటి ముచ్చట చెప్తారు.

ఇప్పుడు కొన్ని లెక్కలు. పలక మీద చేయండి. పక్కవాళ్ళను చూసి రాయకండి.

మీ ఇంట్లో రాత్రి 9 గంటలు అయింది. దుబాయిలో ఎంత అయి ఉంటుంది? కువైట్‌లో ఎంత?

ఒక చెల్లె మస్కట్‌లో ఉంది. మస్కట్ ఒమాన్ దేశంలో ఉంది. అక్కడ ఆమె పొద్దున 6కు పనికి పోతుంది. దానికి అర గంట ముందు ఆమెతో మాట్లాడాలంటే మీరు ఇక్కడ ఎన్నింటికి ఫోను చేయాలి?

ఒక టికెట్టు మీద దుబాయిలో ఎక్కేది 23.15 అని, హైదరాబాదులో దిగేది 04.20, +1 అని ఉంది. ప్రయాణం ఎన్ని గంటలు, ఎన్ని నిమిషాలు? 23.15 అంటే రాత్రి ఎంత?

ఆఖరుది ఆ అక్క లెక్కే. ఆమె కొడుకు 12వ తారీకు 02.50కి శంషాబాదులో దిగుతాడు. పాస్‌పోర్టు చూపి, పెట్టె తీసుకొని బయటికి వచ్చేసరికి ఒక గంట. అతను బయటికి వచ్చేటప్పటికి అక్క అక్కడ ఉండాలి. రాత్రి కాబట్టి జీపు మాట్లాడుకున్నది. జీపుకు మూడు గంటలు పడుతుంది. అక్క ఏ తారీకు, ఎన్ని గంటలకు మోత్కూర్ నుంచి కదలాలి?

అక్క తన జవాబు పలక మీద రాసి, చెరపకుండా ఇంటికి తీసుకొనిపోయింది. మీ జవాబును మంగళవారం కేంద్రానికి తెండి.